సముద్ర వ్యాపారి దేవప్ప గారి విషయమై

వికారాబాద్,
జూలై మొదటి వారం.

పూజ్యులైన కస్తూరక్కకు తమ్ముడు కైలాసం నమస్కరించి విన్నవించుకొనునది,

ఇక్కడ అందరం క్షేమం. ఫోనులో నా రెండో వాక్యం పూర్తి కాకముందే మీరు "సరె సరె, ఉంట మరి" అని పెట్టేస్తున్నందువల్లనూ, విషయం రెండు వాక్యాలలో ఇమిడేది కానందువల్లనూ ఈ లేఖ.

మా వర్తక సంఘం కొత్త సభామందిరం పైకప్పు దాకా వచ్చింది. దానికి ఎవరి పేరు పెట్టాలన్న విషయమై పలు సమావేశాలు జరిగి, అన్నీ టీ దగ్గరే ముగిశాయి. అధ్యక్షులు కిష్టయ్య గారు తమ తండ్రి పేరు సూచించారు. ఆ తండ్రిగారు జీవించి ఉన్న కాలంలో సభ్యులలో సగం మందితో గోడ తగాదాలు పడినవారు కావడంతో అది వీగిపోయింది. అప్పుడు గౌరవ కార్యదర్శి హోదాలో నేను మన తాతగారి తాత దేవప్ప గారి పేరు ప్రతిపాదించాను. ఆయనను ఎరిగినవారు గాని, ఆయనతో తగాదా పడినవారు గాని ఇప్పుడు ఎవరూ బతికి లేనందున తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

మన ఎరువుల దుకాణం బోర్డు మీద "దేవప్ప వంశీకులు, సముద్ర వ్యాపారులు" అని తాతగారి కాలం నుంచి ఉన్న సంగతి మీకు తెలుసు. దేవప్ప గారి తర్వాత మన ఇంట్లో ఎవరూ సముద్రం చూసి ఎరుగరు. అయినా ఆ బోర్డు కింద నిలబడి బేరం చేసేవాడు కొంచెం తగ్గి మాట్లాడతాడు. వర్తకుడికి పూర్వీకులవల్ల కలిగే ప్రయోజనం అదే.

కాబట్టి మీకు రెండు పనులు అప్పగిస్తున్నాను. మొదటిది, మీ పక్కింటి మొహియుద్దీన్ గారి బండల పాలిష్ ఖార్ఖానాలో మంచి తాండూరు బండ ఒకటి ఎంచి, దాని మీద "సముద్రాంతర వర్తక శిరోమణి దేవప్ప స్మారక సభామందిరం" అని చెక్కించగలరు. ప్రారంభోత్సవం దసరానాడు.

రెండవది. పోర్ట్ బ్లెయిర్ నుంచి నిఖిల అనే ఆమె సంఘానికి ఫోను చేసింది. తాను దేవప్ప గారి వంశమట. తాండూరు దేవప్ప ఇల్లు ఎక్కడని అడిగింది. అండమాన్‌లో మన వంశానికి శాఖ ఉన్నదంటే, దేవప్ప గారు అక్కడ కొట్టు పెట్టారనడానికి అంతకు మించిన రుజువు ఏం కావాలి? మా ముందు గది ప్రస్తుతం సంఘం కుర్చీలతో నిండి ఉన్నందున ఆమెను మీ ఇంటికి పంపుతున్నాను. గౌరవంగా చూసి, దేవప్ప గారు అక్కడ ఏ సరుకు వ్యాపారం చేశారో కనుక్కోగలరు. లవంగాలైతే బాగుంటుంది. కొబ్బరికాయలైనా ఫరవాలేదు.

ఇట్లు,
విధేయుడు కైలాసం.


తాండూరు,
జూలై చివర.

చిరంజీవి కైలాసానికి అక్క ఆశీస్సులు.

ఎదురుగా ఉంటే "ఏందే అక్కా" అంటావు, కాగితం మీద "విన్నవించుకొనునది" అంటావు. నేను కందిపప్పు కొట్టు నడుపుకునే మనిషిని. నాకు విన్నపాలు అవసరం లేదు. అయితే నువ్వు రాస్తే చదవడానికి సుఖంగానే ఉంది. విసుగు వచ్చినచోట ఆగి, పప్పు జల్లించుకొని మళ్లీ చదవవచ్చు. అందుకని నేనూ రాస్తున్నాను.

బండ తయారైంది. నల్లగా, నున్నగా ఉంది. నువ్వు చెప్పిన అక్షరాలన్నీ పట్టాయి.

నిఖిల వచ్చింది. ఓడలో చెన్నై దాకా, అక్కడినుంచి రైల్లో. నలభై దాటిన మనిషి. పోర్ట్ బ్లెయిర్ జెట్టీలో ఏ ఓడ ఎప్పుడు కదులుతుందో మైకులో చెప్పే ఉద్యోగం. అందుకే ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడుతుంది. తెలుగు నాలుగు ముక్కలకు మించి రాదు, హిందుస్తానీయే. మన హిందీ సంగతి నీకు తెలుసు. చివరకు మన రక్తసంబంధికి, మనకు మధ్య దుబాసీలుగా మొహియుద్దీన్, ఆయన భార్య అలీమాబీ వచ్చి కూర్చున్నారు.

భోజనం దగ్గర నువ్వు చెప్పినట్టే అడిగాను. దేవప్ప గారు అక్కడ ఏ సరుకు వ్యాపారం చేశారమ్మా అన్నాను. ఆమె ముద్ద చేతిలో పట్టుకొని ఆగిపోయింది. తర్వాత నవ్వి ఒక మాట అంది. మొహియుద్దీన్ కాసేపు గొంతు సవరించుకున్నాడు.

"ఏమంటున్నదంటె అమ్మా, పెద్దాయినకు లావాదేవీలల్ల జర పరేషాన్ అయిందట. గందుకని పోయిండట."

అలీమాబీ ఊరుకోలేదు. "పరేషాన్ లేదు గిరేషాన్ లేదు. చోరీ చేసిండట. దొరలు పట్టుకొని బేడీలేసి ఓడ ఎక్కిచ్చిండ్రట. సీదా చెప్పరాదు?"

"అన్నం తినేటప్పుడు చెప్పే మాటనా అది?"

"ఆమె తినుకుంటనే చెప్పింది గద!"

అదీ సంగతి. దేవప్ప గారు సముద్రం దాటిన మాట నిజమే. టిక్కెట్టు సర్కారుది. తెల్లదొరల దండు ఉన్న లష్కర్‌లోని ఇంగ్లీషు కోర్టులో దొంగతనానికి ద్వీపాంతర శిక్ష పడి పోయాడు. శిక్ష తీరాక అక్కడే ఇంకొక శిక్షపడ్డ ఆమెను పెళ్లాడి, భూమి దున్నుకొని, ముసలితనం దాకా బతికి పోయాడు. ఆ సంతానంలో మనిషి నిఖిల. వాళ్ల ఊళ్లో ఇది దాచే సంగతి కాదట. సగం ఊరు అట్లా వచ్చినవాళ్ల పిల్లలేనట.

ఆమె వచ్చింది ఒకే ఒక పని మీద. పోయినేడు చనిపోయిన వాళ్ల అమ్మ కోరిక. దేవప్ప పుట్టిన వంశంలో, దసరా ముందటి పెత్రమాసనాడు చాటలో బియ్యం పోస్తూ పోయినవాళ్ల పేర్లు పిలుస్తాం గదా, అందులో ఆయన పేరు ఒక్కసారి పిలవాలి. పిలిచేది ఇంటి పెద్ద మగవాడు కనుక, అది నువ్వే. అంతవరకు ఉంటానంటున్నది. ఉండమన్నాను.

అక్క,
కస్తూరమ్మ.


వికారాబాద్,
ఆగస్టు మొదటి వారం.

పూజ్యులైన అక్కకు,

మీ లేఖ అందింది. చదివి, మడిచి, బీరువాలో పెట్టి, తీసి మళ్లీ చదివాను. విషయం మారలేదు.

సమగ్రంగా ఆలోచించిన మీదట, మన వంశానికి జరిగినది నష్టం కాదని, పదోన్నతి అని తేలింది. అండమాన్‌కు బేడీలతో పంపబడినవారు దేశభక్తులన్నది పాఠ్యపుస్తకం తెరిచిన ప్రతి ఒక్కరికీ తెలుసు. దొంగతనమన్నది తెల్లదొరల పరిభాష. మన దేశాన్నే పట్టుకుపోయినవాడి సొత్తు మనవాడు కొంత తీసుకుంటే అది దొంగతనం ఎట్లా అవుతుంది? స్వాధీనం అవుతుంది. ఆ లెక్కన దేవప్ప గారు వర్తకుడిగా కంటే సమరయోధుడిగానే సభామందిరానికి ఎక్కువ శోభ.

కాబట్టి బండ మీది అక్షరాలు పాలిష్ పట్టించి తీసేసి, "స్వాతంత్ర్య సమరయోధుడు దేవప్ప స్మారక సభామందిరం" అని మళ్లీ చెక్కించగలరు. ప్రారంభోత్సవంనాడు నిఖిలమ్మను వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పుతాం. ఆమె "అవును" అంటే చాలు. వివరాలు అవసరం లేదు.

పెత్రమాస విషయం వేరు. మన ఇంట్లో గుర్తున్నంత దూరం పేర్లు పిలిచే ఆనవాయితీ ఉన్నమాట నిజమే. కాని ఆ వరుసలో దేవప్ప గారి పేరు నాయన పిలవలేదు, తాత పిలవలేదు. ఆయన బోర్డు మీద ఉన్నారు గాని బియ్యంలో లేరు. పెద్దలు ఒక పేరు పిలవలేదంటే కారణం ఉండే ఉంటుంది. ఈ అంశం పరిశీలనలో ఉన్నదని ఆమెకు తెలియజేయగలరు.

విధేయుడు,
కైలాసం.


తాండూరు,
ఆగస్టు మూడో వారం.

చిరంజీవి కైలాసానికి,

నీ పదోన్నతి ఉత్తర్వు నిఖిలకు వినిపించాను. మొహియుద్దీన్ ఎంత మెత్తగా చెప్పాలో అంత మెత్తగా చెప్పాడు. ఆమె కోపగించుకోలేదు. కాని జెట్టీలో మైకు పట్టుకున్నట్టే చెప్పింది. అలీమాబీ మాటల్లోనే రాస్తున్నాను.

"ఏమంటున్నదంటె, సమరయోధులను చూసెటందుకు జనం విమానాలల్ల వస్తరట. దండలేస్తరు, ఫొటోలు దిగుతరు, పోతరు. గది మంచిదే, వాళ్లు పెద్దోళ్లు. గని జంగల్ కొట్టింది, రోడ్లేసింది, జెట్టీ కట్టింది మా దొంగ తాతలేనట. వాళ్ల పేరు మీద దండ లేదు. నాకు దండ వద్దు. మా తాతను ఇంకొకని పేరుమీద పిలిస్తె ఆయన పలుకుతడా, అంటున్నది."

ఏం దొంగిలించాడని అడిగాను. ఏదో ఉప్పు పన్ను కట్టనన్నాడనో, కలెక్టరు టోపీ లాగాడనో చెబుతుందని నీకోసమే ఆశపడ్డాను. మొదటిసారి నెయ్యి డబ్బా. రెండోసారి గొడుగు. మూడోసారి దండు బజారులో సర్కారు ముద్ర వేసిన ఇత్తడి తూకపు గుండ్లు. మూడోసారి కనుక సముద్రం దాటించారు. నెయ్యి ఎందుకో అర్థమవుతుంది. గొడుగూ అర్థమవుతుంది. గుండ్లు ఎందుకంటే, ఆయన కొట్టులో ఉన్నవి తప్పుడు గుండ్లట. గిరాకీ పోతున్నదని సరైనవి కావాలనుకున్నాడు. కొనవచ్చుననే ఆలోచన రాలేదు. మన వంశంలో సరైన తూకం కోసం అంత దూరం పోయినవాడు మరొకడు లేడు.

నేను నవ్వాను. నిఖిల నవ్వింది. మొహియుద్దీన్ మాత్రం, "ఉన్నదున్నట్టు చెప్పేటోని వంశం మంచిదే ఉంటది అమ్మా" అని బయటకు పోయి బీడీ ముట్టించాడు.

బండ సంగతి. నీ సమరయోధుణ్ణి చెక్కించడానికి వర్తక శిరోమణిని చెరిపేశాం. పాలిష్ పట్టిన ప్రతిసారీ బండ సన్నబడుతుందట. "ఇంకొక్కసారి బిరుదు మార్చిండంటె సారు, అటు పక్క మనిషి ఇటు కనబడుతడు" అన్నాడు మొహియుద్దీన్. చెక్కడానికి ఆయనకు అభ్యంతరం లేదు. ఏం చెక్కమంటే అది చెక్కుతాడు. నాకే చేతులు రాక ఆపించాను. ప్రస్తుతం అది ఖాళీగా గోడకు ఆనుకొని ఉంది.

ఆమె తిరుగు టిక్కెట్టు పెత్రమాస తెల్లారికే. నీ పరిశీలన ఎంతవరకు వచ్చింది?

అక్క.


వికారాబాద్,
ఆగస్టు చివర.

అక్కా,

ఈసారి ఎక్కువ రాయను.

సంఘంలో సమరయోధుడని ఇప్పటికే ప్రకటించాను. మీకు ముందే చెప్పవలసింది, చెప్పలేదు. ఆహ్వానపత్రికలు అచ్చయి వచ్చాయి. అందులో నా పేరు కూడా ఉంది.

మీరు తాండూరులో నవ్వుకోవచ్చు. నేను వికారాబాద్‌లో దుకాణం తెరవాలి. ఈ ఊళ్లో నాకు ఉన్న మర్యాద అంతా ఒక్క కాంటా మీద ఉంది. నవాబుపేట నుంచి, మోమిన్‌పేట్ నుంచి ఆటోల్లో వచ్చే రైతు, దగ్గర్లో నాలుగు దుకాణాలున్నా దాటి వచ్చి, "కైలాసం సేటు తూకంల మోసం చెయ్యడు" అంటాడు. మన నాయన ఎంత కష్టపడి ఆ మాట అనిపించుకున్నాడో మీరు చూశారు. ఇప్పుడు నేను నలుగురిలో నిలబడి, మా తాతకు తాత తప్పుడు గుండ్లు పెట్టుకున్నాడు, తర్వాత మంచి గుండ్లు ఎత్తుకుపోయాడు అని చెప్పాలా? కిష్టయ్య గారు ఒక్కరు విన్నా చాలు, తెల్లారేసరికి పరిగి దాకా పోతుంది.

మన పెద్దలు ఆ పేరు పిలవలేదు. సిగ్గుపడి వదిలేశారని ఇప్పుడు అర్థమైంది. వాళ్లు తీసేసిన పేరు మళ్లీ చేర్చడానికి నేనెవరిని? నిఖిలమ్మ మీద నాకు కోపం లేదు. ఆమెను అనంతగిరి చూపించి, మంచి చీర పెట్టి సాగనంపండి. నా ఇంట్లో ఆ పేరు పిలవను.

కైలాసం.


తాండూరు,
సెప్టెంబరు మొదటి వారం.

నాయనా కైలాసం,

నువ్వు విన్నపాలు లేకుండా రాసిన మొదటి ఉత్తరం ఇది. అందుకని నేనూ ఇప్పటిదాకా చెప్పనిది చెబుతున్నాను. ఇది మగవాళ్లకు చెప్పే అలవాటు మన ఇంట్లో లేదు.

పెత్రమాసనాడు నువ్వు పేర్లు పిలుస్తావు, ఆడవాళ్లు పేరుకొక పిడికెడు చొప్పున చాటలో బియ్యం పోస్తారు. నీ పేర్లు అయిపోగానే నువ్వు లేచి చెంబు అందుకుంటావు. ఎన్నడూ వెనక్కి తిరిగి చూడలేదు. నాయన చూడలేదు, తాతా చూడలేదు. మీరు లేచిన తర్వాత ఒక పిడికెడు పోస్తాం. పేరు పిలవం. నోరు మూసుకొని పోస్తాం.

నాకు మన మొగులమ్మ నాయనమ్మ నేర్పింది. చిన్నపిల్లను, అడిగాను. ఇది ఎవరికి నాయనమ్మా అంటే, "అడుగకు బిడ్డా, పొయ్యి" అంది. పెళ్లి కుదిరిన ఏడు చెప్పింది. ఆమెకు వాళ్ల అత్త చెప్పిందట. ఆ అత్తకు, దేవప్పను ఓడ ఎక్కించినప్పుడు మన ఇంట్లో ఉన్న ఆమె చెప్పింది. అంటే దేవప్ప భార్య. చంకలో ఒక్క కొడుకుతో మిగిలిపోయిన మనిషి. మనం ఆ కొడుకు సంతానమే.

ఆ ఏడాది పెత్రమాసకు మరిది పేర్లు పిలుస్తూ దేవప్ప పేరు కూడా పిలవబోయాడట. సముద్రం దాటినవాడు పోయినట్టే గదా అని. ఆమె చాట మీద చెయ్యి అడ్డం పెట్టింది. నాయనమ్మ ఆ మాటలు చెప్పినప్పుడల్లా గొంతు మార్చి చెప్పేది.

"సచ్చినోళ్ల పేర్లు పిలువు. ఆయన సావలే. సచ్చినట్టు ఎవలన్న వచ్చి చెప్పిండ్రా? చెప్పెదాంక ఆయన పేరు ఈ చాటల పడొద్దు."

"మరి ఆకలైతె?" అన్నాడట మరిది, వెక్కిరించి.

"గందుకే పోస్త. పేరు మాత్రం పిలువ."

అర్థమైందా? పేరు తీసేసింది సిగ్గుతో కాదు. పిలిస్తే చనిపోయినట్టు ఒప్పుకున్నట్టని పిలవనివ్వలేదు. ఎవరైనా వచ్చి చెప్పేదాకా బతికి ఉన్నట్టే లెక్క అంది. ఎవరూ రాలేదు. ఆమె పోయింది, కోడలు పోసింది. ఆ కోడలు పోయాక నాయనమ్మ పోసింది. కారణం తెలియని మగవాళ్లు సిగ్గనుకున్నారు. తర్వాతివాళ్లకు సిగ్గు నచ్చక సముద్ర వ్యాపారమనుకున్నారు. ఇప్పుడు నువ్వు సమరమంటున్నావు. ఆడవాళ్లు మాత్రం ఏమీ అనుకోకుండా పిడికెడు పోస్తూ వచ్చారు.

నీ ఇంట్లో కూడా. నీ భార్య నాగరాణిని అడిగి చూడు.

కైలాసం, ఇప్పుడు ఒకామె వచ్చి చెప్పింది. ఆయన పోయాడు, వానకాలంలో జ్వరం వచ్చి, సొంత ఇంట్లో, పిల్లల మధ్య పోయాడు అని చెప్పింది. ఆ కబురు కోసమే మన ఇల్లు ఇన్నేళ్లు ఆగింది. ఇంక పిలవకపోవడానికి కారణం ఏముంది? నీ ఆహ్వానపత్రిక తప్ప?

పోయిన వారం చేయించుకున్న మోకాలి ఆపరేషన్ కట్టు ఇంకా విప్పలేదు, నేను రాలేను. నిఖిలను పంపనా వద్దా, ఒక్క మాట రాయి.

అక్క.


వికారాబాద్,
పెత్రమాస సాయంత్రం.

అక్కా,

మీకు "పంపు" అని ఒక్క మాట కార్డు మీద రాసినప్పుడు నా చేతిలో అంతకు మించి లేదు. ఇప్పుడు ఉన్నది కనుక సవివరంగా నివేదిస్తున్నాను.

మీ ఉత్తరం చదివి నాగరాణిని పిలిచి, గంభీరంగానే అడిగాను. "పెత్రమాసనాడు నేను లేచినంక ఒక పిడికెడు ఎక్కువ పోస్తున్నవా?"

"పోస్తున్న."

"ఎన్నేండ్లసంది?"

"వచ్చిన కాడికెల్లి. అత్తమ్మ చెప్పింది."

"నాకెందుకు చెప్పలె?"

"చెప్తె మీరు మీటింగు పెట్టి తీర్మానం చేస్తరని చెప్పలె."

నా ఇంట్లో, నా వెనుక, నా కార్యదర్శిత్వానికి తెలియకుండా ఇంత నిబద్ధతతో ఒక కార్యక్రమం నడుస్తున్నదని తెలిసి కొంతసేపు కుర్చీల గదిలో ఒంటరిగా కూర్చున్నాను.

తర్వాత అత్యవసర సమావేశం పిలిచాను. సభ్యులందరికీ టీ అందిన మీదట, గౌరవ కార్యదర్శి గారి తాతకు తాత సమరయోధుడు కాడని, వర్తక శిరోమణి కూడా కాడని, దొంగతనానికి శిక్షపడి ద్వీపాంతరం పోయిన మనిషని సభకు తెలియజేశాను. ఆహ్వానపత్రికలో జరిగిన పొరపాటుకు బాధ్యత వహించి రాజీనామా బల్ల మీద పెట్టాను. కిష్టయ్య గారు టీ పూర్తిచేసి అడిగారు.

"ఏం దొంగిలిచ్చిండు?"

"తూకపు గుండ్లు."

"ఎవలియి?"

"దొరలయి. దండు బజారుల."

"ముద్ర ఉన్నయేనా?"

"ముద్ర ఉన్నయే."

కిష్టయ్య గారు ఆలోచించారు. "తీస్తె తీసిండు గని, మంచియే తీసిండు."

నవ్వారక్కా. అందరూ నవ్వారు. నేను భయపడ్డ నవ్వు అదే. కాని వినడానికి అంత భయంకరంగా లేదు. రాజీనామాను కిష్టయ్య గారు టీ కప్పు కింద పెట్టుకున్నారు. దాని మీద గుండ్రటి మరక పడినందున అది చెల్లదని తీర్పు ఇచ్చారు. బండ మీద బిరుదులేమీ వద్దని, "దేవప్ప సభామందిరం" అని మాత్రం చెక్కించాలని తీర్మానమైంది. మొహియుద్దీన్ గారికి చెప్పగలరు.

ఈ ఉదయం నిఖిలమ్మ, అలీమాబీ మొదటి బండికే దిగారు. నాగరాణి చాట తుడిచి పెట్టింది. బియ్యం తీసుకోవడానికి జంగప్ప అయ్యవారు వచ్చి కూర్చున్నారు. కిష్టయ్య గారు పిలవకుండానే వచ్చి అరుగు మీద కూర్చున్నారు. చూడడానికి వచ్చారనుకున్నాను.

పేర్లు పిలిచాను. నాయన, తాత, ముత్తాత, వాళ్ల అన్నదమ్ములు. అలవాటు చొప్పున చెయ్యి చెంబు మీదికి పోయింది. లేవలేదు. వెనక్కి తిరిగి చూశాను. నాగరాణి పిడికిలి చాట మీద ఆగి ఉంది. నా నోటికేసి చూస్తున్నది. ఏళ్ల తరబడి వేదికల మీద మాట్లాడిన నోరు అక్కా, మూడు అక్షరాలకు తడబడింది.

"దేవప్ప" అన్నాను.

బియ్యం పడ్డది. నిఖిలమ్మ చేతులు జోడించింది. ఆమె కళ్ల నీళ్లు తుడుచుకోలేదు, దాచుకోలేదు. కాసేపటికి అలీమాబీ, "ఇంకొక్కసారి పిలువమంటున్నది అన్నా, వాళ్లమ్మ తరఫున" అంది. పిలిచాను. ఈసారి గట్టిగా వచ్చింది. వీధిలోకి వినబడింది. వినబడనిమ్మని అనుకున్నాను.

జంగప్ప అయ్యవారు చాట అందుకోబోతుంటే కిష్టయ్య గారు అరుగు దిగి వచ్చారు.

"సెక్రటరీ సాబ్, మా ఇంట్ల సుత ఒకడు ఉండె. మా తాత తమ్ముడు. బొంబాయి దిక్కు పోయిండంటరు. ఎందుకు పోయిండో ఎవ్వలు చెప్పరు, ఏమైండో తెల్వది. గసొంటోనికి ఒక పిడికెడు పొయ్యొచ్చునా?"

"పేరు పిలుస్తరా?" అని నాగరాణి అడిగింది.

ఆయన చాట వంక చూశారు. "వద్దు బిడ్డా. పేరొద్దు. ఉత్తగనే పొయ్యి."

నాగరాణి పోసింది.

నిఖిలమ్మ, అలీమాబీ మధ్యాహ్నం బండికి తాండూరు తిరుగు ప్రయాణమయ్యారు. రేపు తెల్లవారి ఆమె చెన్నైకి పోతుంది గదా. ఇప్పుడు వీధిలో ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతున్నారు. నాగరాణి పూలు పేరుస్తూ ఉండి నన్నొక ప్రశ్న అడిగింది. నాకు జవాబు తెలియలేదు. ఇంట్లో ఎవరికీ తెలియలేదు. "ఆయన పేరు దొరికింది సరె. గిన్నేండ్లు ఆయన కోసం బియ్యం పోయించిన ఆమె పేరేంది?"

మన వరుసలో ఆమె పేరు లేదు. దేవప్ప భార్య అనే మీరూ రాశారు. మీకు తెలిస్తే దయచేసి రాయండి. వచ్చే పెత్రమాసకు ఆయన పక్కన ఆమెను కూడా పిలవాలని ఉంది. ఈ ఉత్తరం సాయంత్రం బండికి వస్తున్న మన దుకాణం కుర్రాడు మనీష్ చేతికి ఇచ్చి పంపుతున్నాను. నేను తీర్మానం పెట్టలేదు, ఊరికే అడుగుతున్నాను.

మీ తమ్ముడు,
కైలాసం.


తాండూరు,
తెల్లవారి.

కైలాసం,

నీ ఉత్తరం రాత్రి అందేసరికి నిఖిల సంచి సర్దుకుంటున్నది. నాకూ తెలియదని ముందు నీకు చెప్పాలి. నాయనమ్మ ఆమెను ఎప్పుడూ "పెద్దత్త" అనేది. పెద్దత్త చెప్పింది, పెద్దత్త చెయ్యి అడ్డం పెట్టింది. అంతే. ఆయనకు పిడికెడు ఆపకుండా పోశాం గాని, పోయించిన మనిషి పేరు మనం పారేసుకున్నాం. రాత్రంతా అదే మనసులో ఉండె.

పొద్దున చాయి దగ్గర ఈ సంగతి అలీమాబీతో అంటున్నాను. ఆమె నిఖిలకు చెప్పింది. నిఖిల సంచి జిప్పు మీది చెయ్యి తీసి, ఏదో అడిగింది. అలీమాబీ మళ్లీ చెప్పింది. అప్పుడు ఆమె సంచి పక్కకు నెట్టి చెప్పడం మొదలుపెట్టింది.

దేవప్ప అక్కడ పుట్టిన మొదటి ఆడపిల్లకు ఒక పేరు పెట్టాడట. ఆ ద్వీపంలో ఎవరికీ నోరు తిరగని పేరు. పెళ్లాం వద్దన్నా వినలేదట. అప్పటినుంచి వాళ్ల ఇంట్లో పుట్టే మొదటి ఆడపిల్లకు అదే పేరు పెడుతున్నారు. ఎవరి పేరని ఆయన చెప్పలేదు. ఏ దేవత పేరో అనుకున్నారు. బడిలో పిల్లలు నవ్వుతారని ఈమెకు నిఖిల అని ఇంకొకటి రాయించారు. ఇంట్లో మాత్రం వాళ్లమ్మ చివరిదాకా ఆ పేరుతోనే పిలిచిందట. అమ్మ పోయాక ఆ పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ లేరట.

పేరు ఈరవ్వ. వచ్చే ఏటికి గుర్తుపెట్టుకో.

బండికి వేళైంది. మొహియుద్దీన్ ఆటో తెచ్చి గేటు దగ్గర నిలిపాడు. ఆమె సంచి భుజాన వేసుకొని మెట్లు దిగింది. నేను లేచి నిలబడలేను గదా, కుర్చీలోంచే "ఈరవ్వా" అని పిలిచాను.

"ఆఁ" అని పలికి, వెనక్కి తిరిగింది.

అక్క,
కస్తూరమ్మ.